పసిబిడ్డ మెడ మెలిక తిరుగుతోందా? కారణం కడుపులోనూ ఉండవచ్చు

పాలు తాగిన కొద్ది నిమిషాలకే పసిబిడ్డ మెడ ఒక పక్కకు ఒరిగిపోవడం, వీపు విల్లులా వెనక్కి వంగడం, చేతులు బిగుసుకోవడం, చూపు ఒకచోట నిలిచిపోవడం కనిపిస్తే తల్లిదండ్రులకు మొదట తోచే మాట ‘ఫిట్స్’. ఇంట్లోని పెద్దలకు దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనిపిస్తుంది. ఇటువంటి కదలికలు మూర్ఛ వల్ల కలిగే అవకాశం నిజంగానే ఉంది. అయితే కొందరు పిల్లల్లో ఈ మెలికలకు మూలం మెదడులో కాక కడుపులో ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని ఆహారనాళాన్ని మండించినప్పుడు, ఆ బాధను తట్టుకోలేక బిడ్డ శరీరం ఈ విధంగా స్పందిస్తుంది. వైద్యశాస్త్రంలో దీనిని ‘శాండిఫర్ సిండ్రోమ్’ అంటారు.

ఇది అరుదైన సమస్య. యాసిడ్ రిఫ్లక్స్ ఉన్న పిల్లల్లో నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే ఇది కనిపిస్తుందని వైద్యుల అంచనా. అయినా దీని గురించి తెలుసుకోవలసిన అవసరం ఎక్కువ. కడుపులోని బాధను మూర్ఛగా పొరబడితే బిడ్డ నెలల తరబడి అవసరం లేని మందులు వాడవలసి వస్తుంది. నిజమైన మూర్ఛను ‘గ్యాస్’ అని కొట్టిపారేస్తే మెదడు ఎదుగుదలకు పూడ్చలేని నష్టం జరుగుతుంది. ఈ రెండు పొరపాట్లనూ తప్పించడంలో ఖరీదైన పరీక్షల కంటే ముందు తోడ్పడేది, ఇంట్లో బిడ్డను కనిపెట్టి చూసే తల్లి పరిశీలన.

నాడీ వైద్య నిపుణులను కలుసుకోవడానికి సముద్రం దాటవలసి రావచ్చునేమోనని ఆలోచించే కుటుంబాలకు ఈ పరిశీలన మరింత విలువైనది. అండమాన్ రాజధాని శ్రీ విజయపురం, అంటే పూర్వపు పోర్ట్ బ్లెయిర్, శివారులోని బతు బస్తీ వంటి ప్రాంతాల నుంచి ప్రధాన భూభాగంలోని చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా నగరాలు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

పాలు కక్కడం రోగం కాదు

ఆహారనాళం జీర్ణాశయంలో కలిసేచోట కండరాలతో ఏర్పడిన ఒక కవాటం ఉంటుంది. మింగిన ఆహారం కిందికి దిగడానికి అది తెరచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. ఛాతీని, పొట్టను వేరుచేసే ఉదరవితానం అనే కండరపు పొర కూడా ఈ కవాటాన్ని చుట్టి బిగించి ఉంచుతుంది. పసిపిల్లల్లో ఈ ఏర్పాటు ఇంకా పరిపక్వం కాదు. కవాటం అప్పుడప్పుడు దానంతట అదే సడలిపోతుంది. అప్పుడు కడుపులోని పాలు పైకి వస్తాయి.

దీనికి మరికొన్ని కారణాలు తోడవుతాయి. పసిబిడ్డ ఆహారం పూర్తిగా ద్రవరూపంలో ఉంటుంది. బిడ్డ రోజులో ఎక్కువ సమయం పడుకునే ఉంటుంది. ఆహారనాళం పొడవు కూడా తక్కువ. అన్నింటికీ మించి, శరీర బరువుతో పోల్చినప్పుడు బిడ్డ తాగే పాల పరిమాణం చాలా ఎక్కువ. కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్ల లెక్కన 5 కిలోల బిడ్డ 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. అదే లెక్కన 70 కిలోల మనిషి రోజుకు 10 లీటర్లకు పైగా పాలు తాగవలసి ఉంటుంది. అంతటి ద్రవాన్ని అంత చిన్న పొట్ట మోస్తున్నప్పుడు కొంత వెనక్కి రావడంలో ఆశ్చర్యం లేదు.

అందువల్లనే మొదటి మూడు నెలల్లో సగం మంది పిల్లలు రోజుకు ఒక్కసారైనా పాలు కక్కుతారు. నాలుగో నెల ప్రాంతంలో ఇది మరింత పెరిగి, బిడ్డ కూర్చోవడం, ఘనాహారం తినడం మొదలుపెట్టిన తర్వాత క్రమంగా తగ్గిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి అత్యధికుల్లో పూర్తిగా ఆగిపోతుంది. పాలు కక్కినా హాయిగా ఆడుకుంటూ, సక్రమంగా బరువు పెరుగుతున్న బిడ్డకు మందులు అవసరం లేదు.

పైకి వచ్చిన ఆమ్లం బిడ్డకు బాధ కలిగించినప్పుడు, పాలు తాగనివ్వనప్పుడు, బరువు పెరగకుండా అడ్డుపడినప్పుడు, ఆహారనాళం లోపలి పొరను పుండు చేసినప్పుడు మాత్రమే వైద్యులు దానిని రిఫ్లక్స్ వ్యాధిగా పరిగణిస్తారు. ఒక్కోసారి ఆమ్లం గొంతు దాకా వచ్చి తిరిగి కిందికి జారిపోతుంది. అప్పుడు నోటి వెంట పాలు రావు, దుస్తులపై మరకలూ కనిపించవు. కాబట్టి బిడ్డ పాలు కక్కడం లేదన్న ఒక్క కారణంతో రిఫ్లక్స్ లేదని నిర్ధారించడానికి వీలులేదు.

కడుపులో మంట, మెడలో మెలిక

ఛాతీలో మంట పుట్టిన పెద్దలు లేచి కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, అటూ ఇటూ నడుస్తారు. మాటలు రాని, లేచి కూర్చోలేని పసిబిడ్డకు ఈ మార్గాలేవీ లేవు. తనకు చేతనైన విధంగా మెడను తిప్పి, వీపును వంచి బాధను తగ్గించుకోవడానికి బిడ్డ శరీరం ప్రయత్నిస్తుందని వైద్యులు భావిస్తున్నారు. మెడ, మొండెం ప్రత్యేకమైన భంగిమలోకి వచ్చినప్పుడు ఆహారనాళం కదలికలు మెరుగుపడి, పైకి వచ్చిన ఆమ్లం త్వరగా కిందికి దిగుతున్నట్లు కొద్దిమంది పిల్లలపై జరిపిన పరిశీలనల్లో వెల్లడైంది.

ఇందులో నాడీ వ్యవస్థ పాత్ర కూడా ఉందని మరో వివరణ. ఆహారనాళం నుంచి మెదడు కాండానికి సమాచారం మోసుకువెళ్లేది వేగస్ నాడి. మెడ కండరాలను నడిపించే నాడుల కేంద్రాలు కూడా అక్కడికి దగ్గరలోనే ఉంటాయి. ఆమ్లం తగిలినప్పుడు పుట్టిన సంకేతం ఆ దారిలో మెడ కండరాలను అసంకల్పితంగా బిగించవచ్చునని భావిస్తున్నారు. ఈ రెండు వివరణలూ ఒకదానికొకటి విరుద్ధం కావు.

ఈ సమస్యను వైద్యలోకం దృష్టికి తెచ్చినవారు ఆస్ట్రియాలో జన్మించిన నాడీ వైద్యుడు మార్సెల్ కిన్స్‌బోర్న్. జీర్ణాశయంలో కొంత భాగం ఉదరవితానంలోని రంధ్రం గుండా ఛాతీలోకి జరిగిపోయే హయటస్ హెర్నియా ఉన్న పిల్లల్లో మెడ మెలికలు తిరగడాన్ని వివరిస్తూ 1964లో ‘ది లాన్సెట్’ వైద్య పత్రికలో ఆయన వ్యాసం ప్రచురించారు. బ్రిటిష్ నాడీ వైద్యుడు పాల్ శాండిఫర్ పేరు మీదుగా దీనికి శాండిఫర్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. హెర్నియా లేకుండా, కేవలం రిఫ్లక్స్ వల్ల కూడా ఈ స్థితి రావచ్చునని తర్వాతి కాలంలో స్పష్టమైంది. మెడ వెనక్కి వాలి మెలిక తిరిగే శిశువుల్లో ఈ అవకాశాన్ని గుర్తుంచుకోవాలని బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2015లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా వైద్యులకు సూచిస్తున్నాయి.

కదలికలు ఎలా ఉంటాయి?

శాండిఫర్ సిండ్రోమ్‌లో మెడ ఒక పక్కకు తిరిగి, తల వెనక్కి వాలుతుంది. వీపు వంపు తిరుగుతుంది. కాళ్లు, చేతులు బిగుసుకోవచ్చు లేదా నెమ్మదిగా మెలికలు తిరగవచ్చు. కొందరు పిల్లలు తల ఊపుతారు, గొంతులో గురగుర శబ్దం చేస్తారు. మరికొందరు బిగుసుకోవడానికి బదులు కొద్దిసేపు ఒళ్లు వదిలేసినట్లు మెత్తబడతారు. సాధారణంగా ఒక్కో విడత 1 నుంచి 3 నిమిషాలు ఉంటుంది. రోజులో పలుమార్లు, ఒక్కోసారి పది సార్ల వరకు కూడా రావచ్చు.

ఇది శైశవంలోనూ, నడక నేర్చే తొలి సంవత్సరాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. మెదడు ఎదుగుదలలో తీవ్ర లోపాలున్న పిల్లల్లో కౌమారం వరకు కొనసాగవచ్చు. ఆహారనాళంలో పుండ్లు పడి కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటే బిడ్డ పాలిపోయి, రక్తహీనతకు లోనవుతుంది. మెడ మెలికలతో పాటు రక్తహీనత కూడా ఉన్నప్పుడు వైద్యులు ఆహారనాళం వైపు దృష్టి సారించడానికి కారణం ఇదే.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. వీరిలో కండరాల బిగుతు, వెన్ను వంకర, మలబద్ధకం వల్ల పొట్టలో ఒత్తిడి పెరిగి రిఫ్లక్స్ ఎక్కువవుతుంది. ఆమ్లం కలిగించే నొప్పికి కండరాలు మరింత బిగుసుకుంటాయి. ఆ బిగుతు మళ్లీ పొట్టను నొక్కుతుంది. ఈ విధంగా ఒకటి రెండోదాన్ని పెంచే విషవలయం ఏర్పడుతుంది. బిడ్డ వంకర్లు తిరగడం ఇటీవల ఎక్కువైతే దానిని పాత జబ్బులో భాగమని సరిపెట్టుకోకుండా, తినే వేళలకూ ఆ బిగుతుకూ సంబంధం ఉందేమో గమనించడం మంచిది. కడుపులోని బాధ తగ్గితే ఫిజియోథెరపీకి కూడా బిడ్డ మెరుగ్గా సహకరిస్తుంది.

మూర్ఛకూ దీనికీ తేడా

తల్లిదండ్రులు గమనించదగిన తేడాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది సమయం. శాండిఫర్ మెలికలు ఎక్కువగా పాలు తాగుతున్నప్పుడు గానీ, తాగిన కొద్దిసేపటికి గానీ వస్తాయి. మూర్ఛకు ఆహార వేళలతో సాధారణంగా సంబంధం ఉండదు.

రెండవది నిద్ర. బిడ్డ గాఢంగా నిద్రపోతున్నప్పుడు శాండిఫర్ మెలికలు సాధారణంగా కనిపించవు. మూర్ఛ నిద్రలోనూ రావచ్చు, నిద్ర లేస్తున్నప్పుడూ రావచ్చు.

మూడవది స్పృహ. శాండిఫర్ మెలికల సమయంలో బిడ్డ చిరాకుగా, బాధగా ఉన్నప్పటికీ చాలావరకు స్పృహలోనే ఉంటుంది. ఎత్తుకుని నిటారుగా పట్టుకుంటే కొంత ఊరట పొందవచ్చు. మూర్ఛలో పిలుపుకు, స్పర్శకు స్పందన లేకపోవడం, తర్వాత మగతగా పడి ఉండటం సాధారణం.

నాలుగవది కదలిక తీరు. శాండిఫర్‌లో నెమ్మదిగా సాగే మెలిక కనిపిస్తే, మూర్ఛలో ఒక లయతో కొట్టుకునే కుదుపులు గానీ, హఠాత్తుగా వచ్చే అదురు గానీ ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ తేడాలు దారి చూపేవే తప్ప తుది నిర్ణయాలు కావు. ముఖ్యంగా ఒక జబ్బు విషయంలో ఏ తల్లిదండ్రులూ సొంత అంచనాకు రాకూడదు. ‘ఇన్ఫెంటైల్ స్పాజమ్స్’ అనే ఈ మూర్ఛ ఎక్కువగా మూడో నెల నుంచి ఏడాది లోపు వయసులో మొదలవుతుంది. బిడ్డ ఒక్కసారిగా తల వంచి, చేతులు చాచి లేదా ముడుచుకుని ఒకటి రెండు సెకన్ల పాటు ఉలిక్కిపడినట్లు చేస్తుంది. కొద్ది సెకన్ల తేడాతో ఇవి వరసగా, గుంపుగా వస్తాయి. నిద్ర లేచిన వెంటనే ఎక్కువగా కనిపిస్తాయి. నవ్వడం, చూపు కలపడం వంటి అప్పటికే నేర్చుకున్న పనులను బిడ్డ మరిచిపోవచ్చు. 1841లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ తన సొంత కుమారుడిలో ఈ లక్షణాలను గమనించి ‘ది లాన్సెట్’ పత్రికకు రాశారు. ఈ జబ్బులో చికిత్స ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదలకు నష్టం పెరుగుతుంది. పొట్టనొప్పితో ముడుచుకుంటోందని, ఉలికిపాటని భావించి వారాలు గడిపేయడం ఇందులో ప్రమాదకరం.

మెడ వంకరకు ఇతర కారణాలూ ఉన్నాయి. పుట్టుకతో మెడ కండరం పొట్టిగా బిగుసుకుని ఉంటే తల ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగి ఉంటుంది, వచ్చిపోయే మెలికలా ఉండదు. కంటి కండరాల లోపం ఉన్న పిల్లలు వస్తువులు రెండుగా కనిపించకుండా ఉండేందుకు తల వంచి చూస్తారు. గొంతు వెనక చీము పట్టినప్పుడు జ్వరంతో పాటు మెడ తిప్పలేకపోవడం కనిపిస్తుంది. మెదడు వెనుక భాగంలో గడ్డలు కూడా అరుదుగా మెడ వంకరతోనే బయటపడతాయి.

వాంతులు ఆపడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ అనే మందు కూడా కొందరు పిల్లల్లో మెడ, ముఖం, కళ్లు హఠాత్తుగా మెలిక తిరిగేలా చేస్తుంది. అందుకని ఆస్పత్రికి వెళ్లినప్పుడు అప్పటివరకు బిడ్డకు వేసిన మందులన్నింటినీ, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన సిరప్‌లతో సహా, వైద్యుడికి చూపించాలి.

పేరు పెట్టవద్దు, చూసింది చెప్పాలి

బిడ్డ ఆస్పత్రికి చేరేసరికి మెలికలు సాధారణంగా ఆగిపోయి ఉంటాయి. వైద్యుడి ఎదుట ఉండేది హాయిగా ఆడుకుంటున్న బిడ్డ, కంగారుగా ఉన్న తల్లిదండ్రులు మాత్రమే. అక్కడ రోగనిర్ధారణ అంతా వారు చెప్పే మాటల మీద ఆధారపడుతుంది. ‘ఫిట్స్ వచ్చాయి’ అని ఒక్క మాటలో చెబితే చీటీలోనూ అదే మాట నమోదు కావచ్చు. ఆ తర్వాత చూసే ప్రతి వైద్యుడూ ఆ మాట దగ్గరి నుంచే మొదలుపెట్టే అవకాశం ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం, అంటే దాదాపు 50 వేల మంది. దీవుల్లో భిన్న భాషల వారి మధ్య సంభాషణకు ఎక్కువగా ఉపయోగపడేది హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లి తాను చూసిన కదలికను మరో భాషలో వర్ణించవలసి వచ్చినప్పుడు, అందరికీ అర్థమయ్యే ‘ఫిట్స్’ అన్న మాటే సులువుగా నోటికి వస్తుంది. అందువల్ల జబ్బుకు పేరు పెట్టకుండా, చూసిన దానిని వరసగా చెప్పడం అలవరచుకోవాలి. పాలు ఎప్పుడు తాగింది, ఎంతసేపటికి మెడ తిరిగింది, ఏ పక్కకు తిరిగింది, కళ్లు ఎలా ఉన్నాయి, పిలిస్తే చూసిందా, ఎంతసేపటికి తగ్గింది, తర్వాత నిద్రపోయిందా లేక ఆడుకుందా అన్నవి చెబితే చాలు.

భాష అడ్డు రాని సాక్ష్యం మరొకటి ఉంది. అది సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో. వెలుతురు ఉన్నచోట బిడ్డ ముఖం, చేతులు, కాళ్లు అన్నీ కనిపించేలా, మెలిక మొదలైనప్పటి నుంచి పూర్తిగా తగ్గేవరకు చిత్రించాలి. దుప్పటి తొలగించాలి. మధ్యలో బిడ్డను పేరుపెట్టి పిలవాలి, నెమ్మదిగా తాకి స్పందనను గమనించాలి. ఒకటికి రెండు, మూడు విడతలు చిత్రించగలిగితే మరింత ఉపయోగం. వాటితో పాటు మూడు, నాలుగు రోజుల పాటు పాల వేళలు, నిద్ర వేళలు, మెలికలు వచ్చిన వేళలు ఒక కాగితంపై రాసుకోవాలి. అయితే బిడ్డ శ్వాస ఆగినా, ఒళ్లు నీలిరంగుకు తిరిగినా వీడియో ఆలోచన మాని వెంటనే ఆస్పత్రికి తరలించాలి. ఈ వీడియోలు వైద్యుడికి చూపించడానికే తప్ప సామాజిక మాధ్యమాల్లో పంచుకోవడానికి కాదు.

దీవుల్లో ఈ మార్గం ఇప్పుడు మునుపటి కంటే సులభమైంది. చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తోనూ, మరికొన్ని దీవులతోనూ కలుపుతూ సముద్ర గర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. కేంద్ర ప్రభుత్వ ‘ఈ-సంజీవని’ సేవ ద్వారా దూరాన ఉన్న వైద్యులను సంప్రదించే ఏర్పాటు కూడా ఉంది. అయినా తొలి అడుగు స్థానికంగానే పడాలి. శ్రీ విజయపురంలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రి, అండమాన్ నికోబార్ దీవుల వైద్య విజ్ఞాన సంస్థకు బోధనాస్పత్రిగా ఉంది. పిల్లల వైద్యుడు బిడ్డను స్వయంగా పరీక్షించి, వీడియో చూసిన తర్వాత ప్రధాన భూభాగానికి వెళ్లవలసిన అవసరం ఉందో లేదో నిర్ణయించడం సరైన క్రమం. ఓడలో రెండు మూడు రోజులు, లేదా విమాన ఖర్చులు భరించి చేసే ప్రయాణం అప్పుడు అవసరమైన వారికే పరిమితమవుతుంది.

పరీక్షలు, చికిత్స

శాండిఫర్ సిండ్రోమ్‌ను ఒక్క దెబ్బకు తేల్చే పరీక్ష లేదు. మూర్ఛ అనుమానం ఉన్నప్పుడు మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష చేస్తారు. మెలిక వస్తున్న సమయంలో కూడా ఈఈజీ మామూలుగా ఉంటే మూర్ఛ కాకపోవచ్చునన్న అభిప్రాయం బలపడుతుంది. ముక్కు ద్వారా సన్నని గొట్టం పంపి, ఆహారనాళంలోకి ఎన్నిసార్లు ఆమ్లం వచ్చిందో 24 గంటల పాటు కొలిచే పరీక్ష ఉంది. ఆమ్లం పైకి వచ్చిన సమయం, మెలిక వచ్చిన సమయం సరిపోలితే నిర్ధారణ బలపడుతుంది. హెర్నియా వంటి నిర్మాణ లోపాలు ఉన్నాయేమో తెలుసుకోవడానికి బేరియం ఎక్స్‌రే, పుండ్లను చూడటానికి ఎండోస్కోపీ అవసరం కావచ్చు. ప్రతి బిడ్డకూ ఇవన్నీ అవసరం లేదు.

చికిత్స పాలు పట్టే పద్ధతితో మొదలవుతుంది. తల్లిపాలు ఏ పరిస్థితిలోనూ సొంతంగా మానిపించకూడదు. ఒకేసారి ఎక్కువ పాలు పట్టకుండా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టడం, మధ్యలో త్రేన్పు తెప్పించడం, తాగిన తర్వాత కొంతసేపు భుజాన వేసుకుని నిటారుగా ఉంచడం ఉపకరిస్తాయి. డబ్బా పాలు పట్టేవారు బిడ్డ బరువుకు తగిన పరిమాణం కంటే ఎక్కువ ఇస్తున్నారేమో సరిచూసుకోవాలి.

ఆవుపాలలోని ప్రొటీన్ పడకపోవడం వల్ల కూడా సరిగ్గా రిఫ్లక్స్ లక్షణాలే కనిపిస్తాయి. ఈ అనుమానం ఉంటే పాలిచ్చే తల్లి 2 నుంచి 4 వారాల పాటు పాలు, పెరుగు వంటివి మాని చూడాలని, డబ్బా పాలు తాగే బిడ్డకు ప్రత్యేక ఫార్ములా వాడాలని వైద్యులు సూచిస్తారు. ఇది వైద్యుడి పర్యవేక్షణలో, నిర్ణీత కాలానికే జరగాలి. లేకపోతే తల్లికి పోషకాహార లోపం ఏర్పడుతుంది.

ఈ మార్పులతో ఫలితం లేనప్పుడు ఆమ్లం ఉత్పత్తిని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులను సాధారణంగా 4 నుంచి 8 వారాల పాటు ఇచ్చి ఫలితాన్ని సమీక్షిస్తారు. ఆమ్లం తగ్గిన కొద్దీ మెలికలు తగ్గడమే రోగనిర్ధారణ సరైనదనడానికి మంచి ఆధారం. కడుపులోని ఆమ్లం క్రిములను అడ్డుకునే కవచం కూడా. కాబట్టి ఈ మందులను అవసరం లేకుండా, ఎక్కువకాలం వాడితే విరేచనాలు, న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. కేవలం ఏడుస్తోందని, పాలు కక్కుతోందని ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు వీటిని ఇవ్వకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. మందులకు లొంగని కొద్దిమందికి మాత్రమే జీర్ణాశయం పై భాగాన్ని ఆహారనాళం చివర చుట్టి కుట్టే ‘ఫండోప్లికేషన్’ అనే శస్త్రచికిత్స అవసరమవుతుంది.

చేయకూడనివి

మంచి ఉద్దేశంతో చేసే కొన్ని పనులు కీడు చేస్తాయి. మెలిక తిరిగిన మెడను బలవంతంగా సరిచేయడం, నూనె రాసి గట్టిగా లాగడం ప్రమాదకరం. మెలిక వచ్చిన సమయంలో నోట్లో చెంచా గానీ, వేలు గానీ పెట్టడం, నీళ్లు పోయడం వల్ల ఊపిరితిత్తుల్లోకి ద్రవం వెళుతుంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. పెద్దలు వాడే యాంటాసిడ్‌లు, ఇంట్లో మిగిలిపోయిన సిరప్‌లు పట్టకూడదు. రిఫ్లక్స్ ఉన్నదని బిడ్డను బోర్లా పడుకోబెట్టడం, తల కింద ఎత్తుగా దిండ్లు పెట్టడం నిద్రలో ఊపిరాడని ప్రమాదానికి దారితీస్తుంది. నిద్రలో బిడ్డను వెల్లకిలా, చదునైన పక్కపైనే ఉంచాలి.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం కుటుంబాల విశ్వాసానికి సంబంధించినవి. వాటి కోసం ఆస్పత్రికి వెళ్లడం వాయిదా పడకుండా చూసుకోవడమే ముఖ్యం. ఇక మూర్ఛకు మందులు ఇప్పటికే వాడుతున్న బిడ్డ విషయంలో, ఈ వివరాలు తెలిసిన తర్వాత అది శాండిఫర్ కావచ్చునని భావించి మందులు హఠాత్తుగా ఆపివేయకూడదు. అలా ఆపితే తీవ్రమైన మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే వైద్యుడిని అడిగి, ఆయన చెప్పిన క్రమంలోనే మార్పులు చేయాలి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన సందర్భాలు

ఆకుపచ్చని లేదా రక్తం కలిసిన వాంతులు, ఎగజిమ్మినట్లు వచ్చే వాంతులు, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, మాడు ఉబ్బడం, పొట్ట ఉబ్బడం, శ్వాస ఆగడం, ఒళ్లు నీలంగా మారడం, మగత, పిలుపుకు స్పందన లేకపోవడం వంటివి కనిపిస్తే ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి చేరాలి. మూర్ఛ వంటి కదలిక 5 నిమిషాలు దాటినా అదే చేయాలి. వరసగా గుంపుగా వచ్చే కుదుపులు, బిడ్డ నేర్చుకున్న పనులను మరిచిపోవడం, బరువు తగ్గడం, ఆరు నెలల వయసు దాటిన తర్వాత కొత్తగా వాంతులు మొదలవడం కూడా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించవలసిన లక్షణాలే.

శాండిఫర్ సిండ్రోమ్ ప్రాణాంతకం కాదు. సకాలంలో గుర్తించి రిఫ్లక్స్‌కు చికిత్స చేస్తే మెలికలు తగ్గిపోతాయి, చాలామంది పిల్లలు మిగతా పిల్లల్లాగానే ఎదుగుతారు. మాటలు రాని వయసులో బిడ్డ తన బాధను ఒంటితోనే చెప్పుకుంటుంది. ఆ బాధ ఏ వేళ, ఏ సందర్భంలో కలుగుతున్నదో ఓపికగా గమనించి, తమ అభిప్రాయం కలపకుండా వైద్యుడికి చేరవేయగలిగితే తల్లిదండ్రులు చికిత్సలో మొదటి మెట్టు దాటినట్లే.